కిటికీ ఎత్తు మొక్క

కర్రకు కట్టిన తాడు విప్పి, మొక్కను వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. నర్సరీలో ఇన్నేళ్ళుగా అతని పద్ధతి అదే. కర్రకు కడితే అన్నీ బుద్ధిమంతుల్లా నిలబడతాయి. తాడు విప్పితేనే అసలు గుణం బయటపడుతుంది. కొమ్మలు పక్కలకు చాచుకుని వస్తే గొడుగులా విస్తరిస్తుంది. కాండాన్ని అంటిపెట్టుకుని పైకి పోతే చచ్చేదాకా కొవ్వొత్తే. "ఇవాళ్టి ఎత్తు చూసి మోసపోకండి, పదేళ్ళ తర్వాతి చెట్టును చూడండి," అని కొనేవాళ్ళకు అరిగిపోయిన రికార్డులా చెబుతాడు.

ఈరోజు తన కోసమే వెతుకుతున్నాడు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి సూటిగా భార్య మంచం మీద పడుతోంది. తెర వేస్తే ఊపిరాడదంటుంది. "అక్కడో చెట్టుంటే బాగుండు," అంది నిన్న. ఆమె మంచం దిగి నెలలైంది. డాక్టరు మందులు మార్చడం కూడా మానేశాడు.

"ఏంటన్నా, అల్లుణ్ణి వెతుకుతున్నావా?" మట్టి కలుపుతున్న ఆవిడ నవ్వింది. "ముక్కూ మొహం బానే ఉందిగా, ఖాయం చేసెయ్."

అతను నవ్వలేదు. తాడు విప్పిన ఆ మొక్క గొడుగు రకమే, కానీ మోకాలెత్తు కూడా లేదు. దాన్ని వరసలో పెట్టేసి, తన తలను మించిన నిటారు రకాన్ని భుజానికెత్తుకున్నాడు.

ఇంటి వెనక గొయ్యి తీస్తుంటే, కిటికీకి ఆనుకున్న మంచం మీంచి ఆమె తల తిప్పి చూసింది. పెళ్ళికి ముందు అదే నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టిన మనిషి.

"ఏమయ్యా, ఇది నిటారుగా పోయే రకం కదూ?"

పార ఆగింది.

"కొమ్మలు చూడు, ఒంటికి అంటుకుపోయాయి. నాలుగేళ్ళు పోతే తల కప్పు దాటిపోద్ది, కిటికీకి ఒట్టి మానే మిగుల్తుంది. నీకు తెలీదా?"

తెలుసంటే, ఎందుకు తెచ్చాడో కూడా చెప్పాలి. తల ఎత్తకుండా గొయ్యి అంచులు పారతో చెక్కాడు.

ఆమెకు అర్థమైంది. తన విషయంలో మొగుడు పదేళ్ళ లెక్క వదిలేశాడు.

"సర్లే," అంది మెల్లగా. "కిటికీ దాకా ఇవాళే వచ్చింది కదా. నాటెయ్. ఆ దొంగమొహం పెట్టకు, నీకు నప్పదు."

నాటాడు. చీర కొంగంత నీడ ఆమె మొహం మీద పడింది.

"నీళ్ళు పొయ్యి దానికి," అంటూ ఊచల మధ్య నుంచి తన నీళ్ళ గ్లాసు కిటికీ గట్టు మీదికి తోసి, కళ్ళు మూసుకుంది.

అతను మొదలు చుట్టూ మట్టి తొక్కాడు. "చల్లగా ఉందా?" అన్నాడు. మళ్ళీ అడిగాడు. ఊచ పక్కన వాలిన చెయ్యి కదల్లేదు. ఆ చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

నీడ మంచం దాటి గోడమీదికి జరిగిపోయింది. గట్టు మీద, ఆమె తాగకుండా మొక్కకిచ్చిన గ్లాసు అంచుదాకా నిండుగా అలాగే ఉంది.