ఖాళీ గట్టుకు హెచ్చరిక

వాతావరణ ఆఫీసు కాగితం చేతికి రాగానే మైకమ్మ తింటున్న అన్నం వదిలేసి లేచింది. ఆమె అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తు లేదు. పడవల యజమానుల సంఘంలో మైకు ముందు కూర్చుని వాతావరణం చదవడం ఆమె పని కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది.

ఉత్తరాన నేల మీద చలి ముదిరింది, అక్కడి నుంచి గాలి ఒక్కసారిగా సముద్రం మీదికి తోసుకొస్తోంది, నడిసముద్రంలో అల్పపీడనం దానికి తోడవుతోంది, సాయంత్రానికల్లా కెరటాలు పడవల పైకప్పు దాటి లేస్తాయి, పడవలేవీ సముద్రంలోకి వెళ్లరాదు. కాగితం సారాంశం అది. కిటికీలోంచి చూస్తే మబ్బు తునక లేదు. వానాకాలపు తుఫాను మొహం మాడ్చుకుని చెప్పి మరీ వస్తుంది. చలికాలపు సముద్రానికి ఆ పాటి మర్యాద కూడా లేదు, ఎండ కాస్తుండగానే ముంచుతుంది.

కింద ఐసు దిమ్మలు కొడుతున్నారు, డీజిల్ డ్రమ్ములు దొర్లిస్తున్నారు. కాసేపట్లో పడవలు కదులుతాయి. కానీ కాగితం వచ్చిన వెంటనే చదవడం ఆ రేవులో ఆనవాయితీ కాదు. ఒకప్పుడు పడవ కూలీలు పస్తులుండి సమ్మె చేసి ఒక హక్కు సాధించుకున్నారు. పడవ కదలక ముందే మైకులో హెచ్చరిక వినిపిస్తే పడవ ఆగాలి, కూలీలకు సగం కూలి ముట్టాలి. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. పడవలు రేవు నోరు దాటాక హెచ్చరిక చదివించడం యజమానులు మొదలుపెట్టారు. హెచ్చరించారా అంటే హెచ్చరించారు. కడుపు మాడ్చుకుని గెలిచిన సగం కూలి చివరికి కూలీల మెడకే చుట్టుకుంది. ఇన్నాళ్లూ మైకమ్మ యజమానులు చెప్పిన వేళకే చదివింది, ఉద్యోగం కదా అని సరిపెట్టుకుంది.

ఇవాళ సరిపెట్టుకోలేకపోయింది. గట్టు మీద ఐసు కొట్టే ఆమె భర్త, ఎవరికో జ్వరం వస్తే ఆ చోట్లో, మొదటిసారి పడవెక్కుతున్నాడు. అతనికి ఈత రాదు.

ఆమె కాగితం పట్టుకుని సెక్రటరీ గదికి వెళ్లింది. ఆయన చదివి, కిటికీలోంచి ఆకాశం చూసి, పడవలు దాటాక చదవమన్నాడు.

“సార్, ఇవాళ మా ఆయన కూడా వెళ్తున్నాడు.”

సెక్రటరీ చెడ్డవాడేం కాదు. నెమ్మదిగానే అన్నాడు. “పడవల మీద ఉన్నవాళ్లందరికీ ఎవరో ఒకరు ఉంటారమ్మా. ఇన్నాళ్లూ చదివావుగా, అప్పుడు గుర్తు రాలేదా?”

ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది, అందులో అబద్ధం లేదు కనుక. ఆమె తిరిగి వచ్చి మైకు స్విచ్ వేసింది. కాగితంలోని ప్రతి ముక్కా చదివింది.

గట్టు మీద చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. కూలీలు ఆకాశం వంక చూశారు, తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు పడవ నడిపే సరంగు ఇంజను ఆపేశాడు. మైకమ్మకు ప్రాణం లేచొచ్చింది.

సెక్రటరీ తొందర లేకుండా మెట్లు దిగాడు. ఇప్పుడు చదివింది సంఘం అనుమతితో కాదు గనుక హెచ్చరిక కింద లెక్కకు రాదన్నాడు. ఆగేవాళ్లు ఆగొచ్చు, సగం కూలి మాత్రం లేదు, ఆగినవాళ్లకు రేపు పడవలో చోటుంటుందని తాను చెప్పలేనన్నాడు. సరంగు తల గోక్కున్నాడు. ఎవరూ పోట్లాడలేదు. ఒకడు వంగి డ్రమ్ము దొర్లించాడు, వాడి వెనకే మిగతావాళ్లూ వంగారు.

భర్త మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎందుకు చదివావే?”

“మీరంతా వింటారని.”

“విన్నాం. వినకుండా పోతే నడిసముద్రం దాకా అయినా నవ్వుకుంటూ పోయేవాళ్లం.”

“వెళ్లకయ్యా. ఐసు కొట్టుకునే బతుకుదాం.”

“ఆ ఐసు ఎవరిది?” అన్నాడు అతను.

ఐసు ఫ్యాక్టరీ కూడా ఆ యజమానులదే. ఆమె సగం తిన్న అన్నం గిన్నెకు మూత పెట్టి అతని చేతికిచ్చింది. అతను తీసుకుని దిగిపోయాడు.

పడవలు ఒకదాని వెనక ఒకటి రేవు నోరు దాటాయి. సెక్రటరీ మళ్లీ వచ్చి కాగితం ఆమె ముందు పెట్టాడు.

“ఇప్పుడు చదువు. రేపు ఏదైనా జరిగితే మన మీదికి మాట రాకూడదు.”

“చదవను సార్.”

“ఉద్యోగం పోతుందమ్మా.”

“పోనీండి. వినడానికి ఒక్కడు కూడా లేని గట్టుకి నేను చదవను.”

ఆయన నిట్టూర్చి, కుర్చీ లాక్కుని తనే మైకు ముందు కూర్చున్నాడు. మైకమ్మ మెట్లు దిగి గట్టు చివరిదాకా నడిచింది. ఉత్తరం గాలి మొదలైంది, ఐసు మీద కప్పిన టార్పాలిన్ పట్టాలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నీళ్ల వైపు చూసింది. ఆఖరి పడవ కూడా చుక్కంత అయింది. పడవలేవీ సముద్రంలోకి వెళ్లరాదని, వెనక నుంచి అలవాటు లేని గొంతు తడబడుతూ చెబుతోంది.