దూడ పాలు

మా రాజూరా తాలూకా ముందు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు విడదీసినప్పుడు నాందేడులో కలిపారు. మూడేళ్లు తిరగకముందే చాందాకు మార్చారు. నాన్న పోయాక చేను అమ్మ పేరు మీదికి రావాలి. ఆమె స్వయంగా కచ్చేరీలో నిలబడి చెప్పుకోకపోతే చిన్నాన్న పేరు ఎక్కుతుంది. ఆదిలాబాదు పోతే నాందేడు అన్నారు, నాందేడు పోతే చాందా అన్నారు.

"మనం ఇంట్లనే ఉన్నం గదరా పోశన్నా, ఊరే తిరుగుతుంది" అంది అమ్మ.

చాందా దారిలో వాగు పొంగి బండి దాటలేదు. బండిని తిప్పి పంపి, నీళ్లు కాస్త తగ్గాక నడిచి దాటాం. మూటలో అటుకులు తడిసి పాడయ్యాయి. వాన వదలలేదు. పొద్దు వాలుతుంటే ఒక గోండు గూడెంలో, తలుపు మీద కొయ్య సిలువ ఉన్న ఇంటి ముందు అమ్మ కూలబడింది. నిన్నటి నుంచి ఆమె కడుపులో ఏమీ లేదు.

ఆ ఇంటాయన మడావి యాకోబు. గూడెంలో కిరస్తానం పుచ్చుకున్న ఇల్లు అదొక్కటే. మమ్మల్ని చూడగానే చాప పరిచాడు. ఏ కులమని అడగలేదు. మేం కాపులమని తెలిసిపోయిందేమో, కొత్త కుండ, బియ్యం, కట్టెలు తెచ్చి దూరంగా పెట్టాడు. వాళ్లు వండింది మేం తినం అని ఆయన లెక్క. మా లెక్కా అదే.

కట్టెలు పచ్చివి. ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. అమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఇలాగైతే పొద్దున లేచి నడవలేదని నాకు అర్థమైంది.

"పాలైతే తాగుతవా అవ్వా? పాలకు అంటు లేదంటరు గద" అన్నాడు యాకోబు.

అమ్మ తలూపింది.

లోపలి నుంచి ఆయన భార్య మార్త వచ్చింది. "పాలు దూడయి. మా అమ్మ ఎన్నడు పిండలేదు, మా ముసలవ్వ పిండలేదు."

"పాదిరిగారే తాగుమన్నరు గదనే!"

"దేవుణ్ని మార్చుకున్న. దూడ నోరు కొట్టుడు నాతోని కాదు."

యాకోబు మా ముందు చిన్నబోయాడు. గిన్నె పట్టుకుని తానే ఆవు దగ్గర కూర్చున్నాడు. ఎన్నడూ పాలు పిండిన చెయ్యి కాదది. ఆవు ఒక్క తన్ను తన్నితే గిన్నె ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు. గుంజకు కట్టిన దూడ అరుస్తూ పలుపు గుంజుకుంటోంది.

"ఇడువు కొడుకా, ఇడువు" అంది అమ్మ. "నా చేనుకోసం దాని కడుపు కొడుతనా?" మార్త వైపు తిరిగింది. "పొయ్యి మీద ఏమున్నది పిల్లా?"

"జొన్న అంబలి. మేం కాచింది అవ్వా."

"కనబడుతనే ఉన్నది. గిన్నెల ఇంత పొయ్యి."

నేను అమ్మ ముఖం చూశాను.

"ఏం జూస్తున్నవ్? నువ్వు గూడ కూసో."

యాకోబు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. అది చాలా పొడుగైంది. అమ్మ గిన్నె చేత్తో పట్టుకుని ఓపికగా చూసింది.

"అయిందా?" అంది.

మార్తకు నవ్వాగలేదు. అమ్మ ఒక గుక్క తాగి ఆగింది.

"ఉప్పు తక్కువైంది పిల్లా."

మార్త ఉప్పు తెచ్చి గిన్నెలో వేసింది. అమ్మ వేలితో కలుపుకుని అడుగు దాకా తాగి, మళ్లీ గిన్నె చాపింది.

"చాందా ఇంకెంత దూరముంటది?" అని యాకోబును అడిగింది.

"పెందలాడే బయలెల్లితే రేపు మాపటికల్ల జేరుతరు."

"అయితె కోడి కూయంగనే లేపు" అని, చెంగు కప్పుకుని చాప మీద ఒరిగింది.