నాలుగింటికి దిగే తీగలు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే చెల్లెలు చేసే మొదటి పని అక్క గిటార్‌ని శ్రుతి చెయ్యడం. ఊడ్చుకోవడం, మరమ్మతుకొచ్చిన వాటి చీటీలు చూసుకోవడం, అన్నీ దాని తర్వాతే. మేకుకి వేలాడే గిటార్‌ని దించి, ఒళ్ళో పెట్టుకుని, దాని తలకి శ్రుతి సరిచూపే క్లిప్పు ట్యూనర్ తగిలించి ఒక్కో తీగే మీటుతుంది. ఆరో తీగ రెండు మెట్లు దిగి ఉంటుంది. అయిదూ నాలుగూ బుద్ధిమంతులు, ఉన్నచోటే ఉంటాయి. మూడోది ఒక మెట్టు, రెండోదీ మొదటిదీ రెండేసి. ట్యూనర్‌లో ఆకుపచ్చ దీపం వెలిగేదాకా ఒక్కోదాన్నీ బిగించి, గిటార్‌ని మళ్ళీ మేకుకి తగిలిస్తుంది.

సాయంత్రం నాలుగింటికి ఆ గిటార్ తన బిరడాలు తనే తిప్పుకుంటుంది. కిర్రు కిర్రుమని నాలుగు బిరడాలు తిరుగుతాయి, నాలుగు తీగలు దిగుతాయి, అంతే. ఆ చప్పుడు వినే పైవాటా పిన్నిగారు పాలు పొయ్యి మీద పెట్టుకుంటుంది.

"ఇవాళ రెండు నిమిషాలు ఆలస్యమైందేమే మీ గిటారు?" అని మెట్ల మీంచి అడుగుతుంది ఒక్కోసారి.

"చలికి బిగుసుకున్నట్టున్నాయి పిన్నిగారూ," అంటుంది చెల్లెలు.

చెల్లెలు చేతకానిదేం కాదు. ఊళ్ళో విరిగిన గిటార్లన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఈ గిటార్‌కి రెండుసార్లు బిరడాలు మార్చింది. ఏం లాభం? కొత్తవి కూడా నాలుగు కొట్టేసరికి పాతవాటి దారే పట్టాయి. అది మొండిదైతే ఈమె జగమొండి. పద్నాలుగు నెలలుగా అది దించడం, ఈమె ఎక్కించడం.

పద్నాలుగు నెలల కిందటి వరకూ ఆ గిటార్‌ని అక్క ఒక హోటల్లో సాయంత్రాలు వాయించేది. ఒకరోజు కొట్టు మూసే వేళ, గడప మీద పడ్డ తాళంచెవి తీయడానికి అక్క వంగింది. చెల్లెలు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ వెనక్కి చూడకుండా షట్టరు లాగింది. అక్క ఎడమచేతి మధ్య మూడు వేళ్ళూ ఆ రోజుతో కట్టెలైపోయాయి. బొటనవేలూ చిటికెన వేలూ మాత్రం మాట వింటాయి.

అక్క ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది. తిట్టినా, కొట్టినా, ఇంట్లోంచి పొమ్మన్నా చెల్లెలికి ఊపిరాడేది. అక్క ఉలకదు, పలకదు. వెనకగదిలో కూర్చుని కుడిచేత్తో తీగల పొట్లాలు సర్దుతుంది. ఎవరు పలకరించినా తలాడిస్తుంది.

మొదట్లో ఒకసారి మాత్రం, "దాన్నలా ఉండనీవే," అంది.

"నీ చెయ్యి బాగయ్యేసరికి సిద్ధంగా ఉండాలి కదక్కా," అంది చెల్లెలు.

ఇక బాగవ్వదని అప్పటికే డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మొన్న అన్నం తింటూ అక్క తలెత్తకుండా, "దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యి. మేకు మీద చూడలేకపోతున్నాను," అంది. చెల్లెలు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. అదిగాని గడప దాటిందా, అక్క ఇక ఎప్పటికీ వాయించదు. అయినా కాదనే మొహం తనకెక్కడిది? సంగీతం బడి మాస్టారికి కబురు పెట్టింది.

మాస్టారు మూడున్నరకి వచ్చాడు. గిటార్‌ని ఒళ్ళో పెట్టుకుని వాయించి, "బంగారంలా ఉందమ్మా," అని మురిసిపోయాడు. అప్పుడే లేచి వెళ్ళుంటే గిటారూ ఆయనతో పోయేదే. కానీ మాస్టారి నోరు ఊరుకోదు. పిల్లల గురించి, వాళ్ళ గోళ్ళ గురించి చెబుతూ కూర్చున్నాడు. నాలుగయింది. ఆయన ఒళ్ళోనే బిరడాలు కిర్రుమన్నాయి. ఆయన మర్యాదగా మాట ఆపి, అది పూర్తయ్యేదాకా ఆగాడు.

"రోజూ ఇంతేనా?"

"రోజూ నాలుగింటికండీ."

"మా క్లాసు నాలుగున్నరకమ్మా. పాతికమందీ ఒకే శ్రుతిలో ఉండాలి. ఇదొక్కటీ నా దారి నాదంటే కష్టం," అన్నాడు. గిటార్‌ని తిరిగిచ్చేస్తూ, ఊరికే బొటనవేలితో ఆరు తీగలూ ఒక్కసారి మీటాడు.

ఆయన ఎడమచెయ్యి ఏ తీగనీ తాకలేదు. అయినా స్వరాలన్నీ ఒద్దికగా కలిసిన నిండు కార్డు ఒకటి గదంతా పరుచుకుంది.

"ఓపెన్ ట్యూనింగే ఇది, వేళ్ళతో నొక్కకుండానే కార్డు పలికే శ్రుతి. పనిమంతురాలివి, గమనించలేదా?"

గమనించలేదు. అలా శ్రుతి చెయ్యమని ఎవరైనా గిటార్ తెస్తే అయిదు నిమిషాల్లో చేసిచ్చేది. ఈ గిటార్‌ని మాత్రం రోజూ ఒక్కో తీగే మీటి, ఒక్కోదాని తప్పే దిద్దింది. ఆరూ కలిపి ఒక్కనాడూ వినలేదు. సిగ్గుతో తల వాలిపోయింది చెల్లెలికి.

వెనకగది గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో. నడిచొచ్చి మాస్టారి చేతిలోంచి గిటార్ తీసుకుంది. కూర్చుంది. కుడిచేత్తో మీటింది, చెవి ఒగ్గి వింది, మళ్ళీ మీటింది. తర్వాత బల్ల మీద పానాల మధ్య వెతికి, ఒక పొడుగు సాకెట్టు తీసి ఎడమచేతి చిటికెన వేలికి తొడుక్కుంది. ఆ ఇనుప గొట్టాన్ని తీగల మీద ఆనించి మెల్లిగా జరిపింది. ముందు జరజరమంది. రెండోసారి కీచుమంది. మూడోసారి తీగ గొంతు విప్పింది. ఒకప్పుడు హోటల్లో వాయించినదాని ముందు ఇదేపాటి? మాస్టారు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

అక్క ఆగేసరికి చెల్లెలి చెయ్యి అలవాటుగా ట్యూనర్ మీదికి పోయింది.

"ఇంకా ఎన్నాళ్ళే, నా పాత చేతికి శ్రుతి చెయ్యడం?" అంది అక్క.

చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేనే లాగానక్కా షట్టరు."

"తెలుసు."

"చూడకుండా లాగాను."

"అప్పుడు చూడలేదు. ఇప్పుడైనా చూడు," అని అక్క చెయ్యి చాపింది. "చిటికెన వేలు బాగానే ఉంది."

చెల్లెలు ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి దాన్ని తిన్నగా చూసింది. చూసి, కడుపులో ఉన్నదంతా కడిగేసుకునేలా ఏడ్చింది.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తాక చెల్లెలు ముందుగా కొట్టు ఊడ్చింది. గిటార్ జోలికి పోలేదు. నాలుగు దాటింది. ఏ బిరడా కిర్రుమనలేదు.

"ఏమే, ఇవాళ మీ గిటారు తిరగలేదేం?" పైనుంచి పిన్నిగారి గొంతు. "పాలు పెట్టుకోవద్దూ? టైమెంతయిందో ఏమిటో."

చెల్లెలు నోరు తెరిచేలోపే వెనకగదిలోంచి జవాబు వెళ్ళింది.

"నాలుగుంపావు అయింది పిన్నిగారూ," అంది అక్క. "పెట్టుకోండి."