తేలే శని

ఇలా దగ్గరికొచ్చి కూర్చో అమ్మాయీ, చెబుతాను. మా మనవరాలు దుర్గ యూనివర్సిటీలో నక్షత్రాల చదువు చదువుతోంది. పరీక్షలకు ప్రశాంతంగా చదువుకుందామని రేపల్లె వచ్చింది. రాగానే చేపలమ్మే కోటిరత్నం తన కొడుకు జాతకం పట్టుకొచ్చింది.

“నేను జాతకాలు చూడను అత్తా. గ్రహాలు, నక్షత్రాలు ఎంత బరువో లెక్క కడతాను,” అంది దుర్గ విసుగ్గా.

“అయితే మా పండు నెత్తినెక్కిన శని ఎంత బరువే?”

“సైజుకు తగ్గ బరువు లేదు. పట్టేంత సముద్రముంటే తేలుతుంది.”

పండుకు శని తేలికైపోయాడని దుర్గ చెప్పిందంటూ కోటిరత్నం బజారంతా చాటింది. మర్నాడు పొద్దున్నే మా అరుగు మీద ఏడుగురు జాతకాలతో కూర్చున్నారు. దుర్గ పుస్తకాలు సర్దుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.

నేను చెబితే ఎవరూ వినడం లేదు. నువ్వైనా గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పమ్మా, మా పిల్ల జాతకాలు చూడదని.