బిట్రగుంట గారిబాల్డీ

లాజరస్‌కు గుర్రం ఎక్కాలన్న కోరిక ఎప్పటినుంచి ఉందో ఆయన భార్య ఎస్తేరమ్మకు కూడా తెలియదు. బిట్రగుంటలో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో కూర్చుని, అందరూ దాటిపోయిన ఊళ్లనే తనూ చూస్తూ గడిపాడు. ముందు నడవడమనేది ఆయనకు రిటైరయ్యాకే దక్కింది, అదీ కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడిగా. మంచినీళ్ల మోటారు, వీధిదీపాలు, క్రిస్మస్‌కూ శ్రీరామనవమికీ షామియానా, అన్నీ పన్నెండేళ్లుగా ఆయన చేతుల మీదుగానే నడిచాయి. పోటీకి ఎవరూ నిలబడకపోవడంతో సంఘానికి ఎన్నిక జరిగిన పాపాన పోలేదు. అది జనానికి తన మీదున్న ప్రేమ అని లాజరస్ నమ్మకం. ఆ చాకిరీ ఇంకెవరికీ అక్కర్లేదేమోనని ఎస్తేరమ్మ అనుమానం.

అలాంటాయన ఇంటికి ఒకరోజు హైస్కూల్లో సోషల్ చెప్పే కెజియా టీచరు వచ్చింది. పదో తరగతి పిల్లలకు ఐరోపా పాఠం తలకెక్కడం లేదని ఆమె బాధ. అక్కడ ఇంగ్లండులో విక్టోరియా రాణి ఏలుతున్న రోజుల్లోనే ముక్కలు ముక్కలుగా ఉన్న ఇటలీ ఒక్క దేశం ఎలా అయిందో ఎన్నిసార్లు చెప్పినా, గారిబాల్డీ ఎవరంటే ఒకడు జర్మనీ రాజంటాడు, ఇంకొకడు శ్రీహరికోటలో మొన్న ఎగిరిన రాకెట్టంటాడు. వార్షికోత్సవానికి ఆ కథను నాటకంగా వేద్దామనీ, వేషాలు పెద్దవాళ్లే కడితే పిల్లలు నవ్వుకుంటూనైనా గుర్తుపెట్టుకుంటారనీ ఆమె ఆలోచన.

లాజరస్ ముందు రాజు వేషం అడిగాడు. రాజుకు మొత్తం నాలుగే మాటలనీ, గారిబాల్డీకి మాత్రం ఎర్ర చొక్కా, కత్తి, గుర్రం ఉన్నాయనీ కెజియా చెప్పింది. గుర్రం అనగానే ఆయన ఇంకేమీ అడగలేదు. రాజు వేషం సెల్‌ఫోన్ల కొట్టు పెంచలకృష్ణకు పోయింది. ఆ రాజు పేరు విక్టర్ ఇమ్మాన్యుయేల్ అని తర్వాత తెలిసి, బైబిల్లోని ఇమ్మానుయేలు పేరు పెట్టుకుని పెంచలకృష్ణ తిరగడమేమిటని లాజరస్ కాస్త నొచ్చుకున్నాడు. అసలు సంగతి వేరే ఉంది. వచ్చే నెల సంఘం సమావేశంలో అధ్యక్ష పదవికి తనూ నిలబడితే ఎలా ఉంటుందని పెంచలకృష్ణ నలుగురి దగ్గరా అన్నట్టు ఆయన చెవిన పడింది.

రిహార్సళ్లు మొదలయ్యాయి. ఎర్ర చొక్కా ఒక పాత స్టేషన్ కూలీ దగ్గర దొరికింది. కావలిలో పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్ల గుర్రాన్ని మాట్లాడారు. అది ఎంత నెమ్మదైనదంటే, డప్పు వినిపిస్తే తప్ప కదలదు. వినిపిస్తే మాత్రం ఆడుతుంది. గారిబాల్డీ వెంట సిసిలీలో దిగిన వెయ్యిమంది వీరులుగా పది మంది పిల్లలను పెట్టి, తెర వెనక నుంచి చుట్టూ తిప్పారు. దాడికి సైగగా కత్తి ఊపమని కెజియా చెబితే, అలవాటు కొద్దీ లాజరస్ దాన్ని పచ్చజెండాలా ఊపాడు.

నేపుల్స్ నగరం పట్టుకునే దాకా ఆయన మాటలన్నీ కంఠతా వచ్చాయి. ఆ తర్వాతి కాగితాలు ఆయన తిప్పనేలేదు. గెలిచాక ఇంకేముంటుంది, హారతులే కదా అనుకున్నాడు. చివరి రిహార్సలు రోజు కెజియా ఆయన్ను గుర్రం దింపి, రాజు ఎదుట నిలబెట్టి, గెలిచిన రాజ్యమంతా ఆ రాజు చేతుల్లో పెట్టమంది.

“టీచరమ్మా, చావుకు తెగించి గెలిచినోణ్ణి నేను. ఈ రాజు ఏం చేసినాడని ఇయ్యాల?” అన్నాడు లాజరస్.

“పెద్దగా ఏం చెయ్యలేదన్నా. అయినా గారిబాల్డీ ఇచ్చేసినాడు. దేశం ఒకటవ్వాలంటే కొట్లాట ఉండకూడదనుకున్నాడు. రాజు కోట ఇస్తానన్నా, ఓడ ఇస్తానన్నా వద్దని, ఒక బస్తా విత్తనాలూ కాసిని ఎండుచేపలూ తీసుకుని తన దీవికి పొయ్యినాడు.”

“పోనీ, ఇన్‌ఛార్జిగా ఇచ్చినట్టు పెడితే?”

“అది నాలుగు మార్కుల ప్రశ్నన్నా. నేను మార్చలేను.”

పెంచలకృష్ణ అట్ట కిరీటం సర్దుకుంటూ, తనకేమీ తొందర లేదనీ, అన్న ఎప్పుడిస్తే అప్పుడే పుచ్చుకుంటాననీ చాలా వినయంగా అన్నాడు. ఆ వినయమే లాజరస్‌కు మంటపెట్టింది. ఆయన ముఖం చూసి కెజియా మంచిమాటలకు దిగింది. అలా వదులుకున్నందుకే గారిబాల్డీ పేరు లోకమంతా మోగిందనీ, తర్వాత అమెరికాలో లింకన్ ప్రభుత్వం తమ సైన్యంలోకి రమ్మని పిలిచిందనీ, లండనుకు పోతే జనం రోడ్ల మీద పట్టలేదనీ, ఆయన పేరు మీద చేసిన బిస్కెట్టు అక్కడ ఇప్పటికీ అమ్ముతారనీ చెప్పింది. బిస్కెట్టు మాటకు లాజరస్ కొంచెం మెత్తబడ్డాడు.

ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు. ఎస్తేరమ్మ చింతకాయలు దంచుతూ అంతా విని, ఆ మహానుభావుడు దీవికి పోయాక ఇంట్లోవాళ్లు కంటినిండా నిద్రపోయి ఉంటారంది. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. ఆయనకొక ఉపాయం తట్టింది: రాజ్యం ఇచ్చేటప్పుడు, ‘ప్రజలు కోరితే మళ్లీ వస్తా’ అని సొంతంగా ఒక ముక్క కలిపితే టీచరు స్టేజీ ఎక్కి ఆపలేదు కదా.

వార్షికోత్సవం సాయంత్రం స్కూలు మైదానం నిండిపోయింది. గారిబాల్డీ గుర్రం మీద వచ్చాడు. యుద్ధానికి డప్పు మోగగానే గుర్రం పెళ్లనుకుని ఆట మొదలుపెట్టింది. శత్రుసైన్యం అది చూస్తూ నిలబడిపోయింది. సిసిలీ అలా స్వాధీనమైంది. జనం ఈలలు వేశారు. బస్తా పక్కన పెట్టిన ఎండుచేపల కోసం ఒక పిల్లి ఇటలీ అంతా తిరుగుతున్నా ఎవరూ దాన్ని తరమలేదు.

అప్పుడు చివరి ఘట్టం వచ్చింది. లాజరస్ గుర్రం దిగి స్టేజీ ఎక్కి, రాజుకు ఎదురుగా నిలబడ్డాడు.  ఆయన నోరు తెరిస్తే ఇంతమంది ఊపిరి బిగబట్టడం ఆయనెన్నడూ చూడలేదు. ముందు వరుసలో పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఎస్తేరమ్మ కొంగు చివర పట్టుకుని కూర్చుంది.  ఆయనకు నేపుల్స్ అనే పేరు ఎంత వెతికినా నోటికి రాలేదు. కలపదలుచుకున్న ముక్కా గుర్తు రాలేదు. వచ్చిన మాటలే చెప్పాడు.

“నేను కష్టపడి నిలబెట్టిందంతా, ఈ నీళ్లూ ఈ దీపాలూ ఈ వీధులూ అన్నీ నీ చేతుల్లో పెడుతుండా. బాగా చూసుకో అబ్బయ్యా. నాకింకేం వద్దు.”

కళ్లనుంచి నిజంగానే నీళ్లు కారాయి.  చప్పట్లతో షామియానా ఊగిపోయింది. పెంచలకృష్ణ కిరీటం తీసి పక్కనపెట్టి, వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి, మైకులో, “లాజరస్ అన్న మాట నిలబెడతా” అన్నాడు. రాజుకున్న ఆ నాలుగు మాటల్లో అది లేదు.

లాజరస్ బస్తా భుజాన వేసుకుని స్టేజీ దిగాడు. జనం దారి ఇచ్చారు. ఇంటికి వచ్చేదాకా ఆయన గారిబాల్డీగానే ఉన్నాడు.

పొద్దున పాల కోసం వెళితే పాలవాడు చేతులు జోడించాడు. టీ కొట్టు దగ్గర ఒకాయన, పదవి వదులుకోవాలంటే గుండె ఉండాలన్నా, అంటూ భుజం తట్టాడు. పదవి వదులుకున్నదెవరో లాజరస్‌కు అర్థం కావడానికి టీ చల్లారేంత సేపు పట్టింది. అది నాటకమని చెప్పబోయాడు. నాటకంలో నీళ్లూ దీపాలూ ఎక్కడున్నాయి అన్నా, అది నువ్వు మనసులోంచి అన్నమాట కదా అన్నారు. కాదని ఆయన ఎంత గట్టిగా అంటే అంత వినయవంతుడని పేరొచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆయన త్యాగం గురించి ప్రార్థన కూడా చేశారు. ప్రార్థన మధ్యలో లేచి కాదనడం ఆయనకు చేతకాలేదు.

చివరికి కెజియా దగ్గరికి వెళ్లి, అసలు కాగితంలో ఏముందో నలుగురికీ చూపించమన్నాడు. ఆమె చూపిస్తానంది. కానీ పరీక్షలో పిల్లలందరూ మొదటిసారి ఆ ప్రశ్నకు జవాబు రాశారని కూడా చెప్పింది. గారిబాల్డీ నేపుల్స్, సిసిలీలతో పాటు వీధిదీపాలు కూడా రాజుకు ఇచ్చాడని సగం మంది రాశారట. మార్కులు వేసిందా అని అడిగాడు లాజరస్. మూడున్నర వేశానంది. ఆయన కాగితం తీసుకోకుండానే తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని, “నన్ను మోసం చేసినారే ఎస్తేరూ” అన్నాడు.

“ఎవురూ చెయ్యలేదు. నువ్వే ఇచ్చినావు,” అంది ఎస్తేరమ్మ. “పెండ్లయిన కాణ్ణించి నువ్వు ఒకరికి ఒకటి ఇయ్యడం నేను చూళ్లేదు. మొన్న చూసినా. బాగుండావు.”

 నాటకంలో ఆ ఎర్ర చొక్కా కొంచెం బిగుతైనట్టుంది కదా అని ఆయన అడిగాడు. లేదంది.

మరుసటి వారం మోటారు కాలిపోయింది. అలవాటు ప్రకారం తెల్లారకముందే జనం లాజరస్ తలుపు తట్టారు. ఆయన దుప్పటి తీయకుండానే, రాజుగారి ఇల్లు నీలం గేటని చెప్పి మళ్లీ పడుకున్నాడు. అంత తీయటి నిద్ర ఆయనకు ఈమధ్య ఎప్పుడూ పట్టలేదు. మధ్యాహ్నానికి పెంచలకృష్ణ జుట్టు రేగిపోయి వచ్చి, మోటారు మేస్త్రీ ఎవరు, ఎక్కడుంటాడు, ఏం చెబితే వస్తాడు అని అడిగాడు. లాజరస్ మజ్జిగ ఇప్పించి, అన్నీ నిదానంగా చెప్పాడు. మేస్త్రీని కోప్పడితే రాడనీ, వాళ్లమ్మ ఆరోగ్యం ముందు అడగాలనీ కూడా చెప్పాడు.

నెలాఖరున సంఘం సమావేశం జరిగింది. పెంచలకృష్ణకు ఎదురు ఎవరూ నిలబడలేదు. లాజరస్‌కు ముందు వరుసలో కుర్చీ వేస్తామంటే వద్దని, చివరి వరుసలో ఫ్యాను కింద కూర్చున్నాడు. ఆ వరుసలో ఏం జరుగుతుందో ఆయన ఎన్నడూ ఎరగడు. అక్కడ వేరుశనగకాయలు వలుస్తున్నారు. ఒకాయన ఆయనకూ గుప్పెడు పెట్టాడు.

కొత్త అధ్యక్షుడు సభ్యులకేమైనా ఇబ్బందులుంటే చెప్పమన్నాడు. లాజరస్ ఇంటి ముందు మురుగుకాలువ ఆరేళ్లుగా పూడిపోయి ఉంది. అధ్యక్షుడిగా ఉండి తన మీద తనే ఫిర్యాదు చేసుకోలేక ఇన్నాళ్లూ దాటుకుంటూ తిరిగాడు. ఇప్పుడు చేతిలోని కాయలు జేబులో వేసుకుని లేచాడు. కాలువ సంగతి చెప్పాడు, దోమల సంగతి చెప్పాడు, సంఘానికి ముందుచూపు లేదని చెప్పాడు, ఇంతకాలం అధ్యక్షులుగా ఉన్నవాళ్లు ఏం చేసినట్టని కూడా గట్టిగా నిలదీశాడు. చివరి వరుస అంతా చప్పట్లు చరిచి సమర్థించింది.

పెంచలకృష్ణ వచ్చే నెల మొదటి వారంలోనే చేయిస్తానని రాసుకున్నాడు. చెయ్యకపోతే మళ్లీ లేస్తానని చెప్పి లాజరస్ కూర్చుని, ఇంకో కాయ వలిచాడు.