రోహిణి ఎండలో రెండు చిప్పులు

భానుప్రకాష్ కొల్లేరు పక్క చేపల చెరువు గట్టుకు తన చిప్పును గెలిపించుకోవడానికి వచ్చాడు. స్టెల్లా అతణ్ని ఓడించడానికే వచ్చింది.

ఒకప్పుడు హైదరాబాదులో ఇద్దరూ ఒకే కంపెనీలో మొబైల్ ఫోన్లను నడిపే ప్రాసెసర్ చిప్పులు తయారుచేసేవారు. ఆమె డిజైన్ను అతను దొంగచాటుగా పోటీ కంపెనీకి పట్టుకుపోయి, తనదని చెప్పి పెద్ద కుర్చీ ఎక్కాడు. డిజైన్ బయటికి అమ్మేసిందన్న నింద స్టెల్లా మీద పడింది. ఉద్యోగం ఊడింది. మరో కంపెనీలో మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టిన ఆమెకు ఒకటే పంతం: ఆ దొంగ చిప్పు నలుగురి ఎదుటా చావాలి.

2009 మే నెలలో అవకాశం దొరికింది. చేపల రైతుల కోసం ఫోను తేబోతున్న సంస్థ తరఫున రామమూర్తి ఈ ఇద్దరి చిప్పుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఏలూరు హోటల్లో ఏసీ గదిలో పరీక్ష పెడదామన్నాడాయన.

"వాడేవాళ్ల చేతికే ఇద్దామండీ," అంది ఆ పక్కనే పెదపాడులో పుట్టిన స్టెల్లా.

గట్టు మీద భానుప్రకాష్ నవ్వాడు. "మీరింకా ఈ లైన్లోనే ఉన్నారా స్టెల్లాగారూ? ఏ స్కూల్లోనో టీచరుగా చేరారనుకున్నాను."

"కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవడానికి ఎక్కడున్నా ఒకటేనండీ."

రైతు బంగార్రాజు, ఆ చిప్పులతో పాటల వీడియోలు ఆడుతున్న రెండు ఫోన్లనూ చెరో పాలిథిన్ కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించాడు. "తడిస్తే మా ఆవిడ నన్నే ముంచేస్తాదండి!" అంటూ వాటిని పడవ చెక్క మీద ఎండలో పెట్టుకుని, చేపల మేత సంచులు కర్రలకు కట్టడానికి చెరువు మధ్యకు వెళ్లాడు.

స్టెల్లా కోరుకున్నది అదే. వేడెక్కితే చిప్పు తనంతట తానే నెమ్మదించే ఏర్పాటు ఆమె అసలు డిజైన్లో ఉంది. కొత్త చిప్పులోనూ ఉంచింది. భానుప్రకాష్ మాత్రం వేగం కోసం దాన్ని తీసేశాడు. అతని చిప్పున్న ఫోనొకటి కొని, విప్పి చూసి మరీ తెలుసుకుంది.

కాసేపటికి పడవలో ఒక పాట ఆగిపోయింది. రెండోది ఆడుతూనే ఉంది.

"మీదేనండి బాబూ, పెనంలా కాలిపోతంది!" అని భానుప్రకాష్‌కు వినబడేలా అరిచాడు బంగార్రాజు.

"కవరు వల్లేనండీ! ఇంకో చాన్సివ్వండి," భానుప్రకాష్ రామమూర్తిని బతిమాలాడు.

"ఇవ్వండి సార్, నాకభ్యంతరం లేదు," అంది స్టెల్లా మెత్తగా. "వేడికి నెమ్మదించే భాగం ఎందుకు తీసేశారో మాత్రం చెప్పమనండి."

"స్పీడు తగ్గుతోందని తీయించాను. మొదట్లో మీరు పెట్టిందేగా అది!"

"మొదట్లో పెట్టిందెవరండీ?"

రామమూర్తి కళ్లజోడు తీసి భానుప్రకాష్ వైపు తిరిగాడు. "అంటే, ఈ డిజైన్ ఆవిడదా?"

పడవ గట్టుకు చేరింది. "ఆ ఫోను ఆయన చేతిలోనే పెట్టండి బంగార్రాజుగారూ," అంది స్టెల్లా. "చల్లారనివ్వకండి."