నేను తీయమనలేదు

శనివారం మధ్యాహ్నం మా యూదుల మందిరం నుంచి తిరిగొచ్చేసరికి మా గుమ్మం బోసిగా ఉంది. కుడిపక్క చెక్కకు ఉండాల్సిన మెజూజా లేదు. వేలెడంత ఇత్తడి గొట్టం, లోపల తోలు మీద దేవుడి మాటలు రాసిన చుట్ట. పెళ్లయిన కొత్తలో మా ఆయన తన చేత్తో బిగించాడు దాన్ని. ఆయన పోయాడు, అదొక్కటే గుమ్మం కాస్తోంది. ఇప్పుడక్కడ రెండు స్క్రూల చిల్లులు మిగిలాయి.

అంతకు ముందు వారమే మా మందిరం గోడ మీద ఎవరో నల్లరంగుతో ఆ దిక్కుమాలిన హిట్లర్ గుర్తు గీశారు. మావాళ్ల మాంసం కొట్టు షట్టర్ మీద ‘పోండి’ అని రాశారు. ఎక్కడికి పోవాలట? మా తాత ఇంగ్లండులో ఈ లీడ్స్‌లోనే కోట్లు కుట్టుకుంటూ బతికి, ఈ మట్టిలోనే కలిశాడు. మొత్తానికి నా గుమ్మం దాకా వచ్చారన్నమాట.

శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా మాకు షబ్బాత్, ఏ పనీ చేయని రోజు. ఫోన్ కూడా ముట్టకూడదు. పై వాటాలో ఉండే సెడ్రిక్‌కి చెబుదామంటే అతని తలుపుకు తాళం. హల్ అనే ఊళ్లో చెల్లెలికి ఆపరేషన్ ఉందని, పొద్దున్న రైలుకు పోతానని ముందే చెప్పాడు. చుక్కలు పొడిచేదాకా తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాతే పోలీసులకు ఫోన్ చేశాను.

ఆదివారం పొద్దున్నే ట్రెగేర్ అనే కానిస్టేబుల్ వచ్చింది. చిన్నపిల్ల, మంచిపిల్లే. కూర్చోగానే అడిగింది.

"అమ్మా, ఇది యూదుల మీద ద్వేషంతో చేసిన పనని మీకు అనిపిస్తోందా?"

"నాకు అనిపించడమేంటే తల్లీ? అది కనిపెట్టడానికే కదా నువ్వొచ్చింది?"

"ఎవరు చేశారో, ఎందుకు చేశారో మేం కనిపెడతాం. కానీ కేసు రాసుకునేటప్పుడు మాత్రం మీకేమనిపిస్తే అదే. మా పద్ధతి అది."

ఇదెక్కడి పద్ధతి అనుకున్నాను. కానీ నా చిన్నప్పుడు మా అమ్మ కిటికీ పగిలితే ఏమైందో గుర్తుంది. వచ్చిన పోలీసాయన ఇటుక చేత్తో పట్టుకుని మరీ, ‘పిల్లలు బంతాట ఆడుకున్నట్టున్నారు’ అనేసి పోయాడు. దానికంటే ఇది నయమే.

"అనిపిస్తోంది, రాసుకో" అన్నాను.

ఆ పిల్ల గుమ్మానికి పొడి అద్ది చూసింది. పైన చూరు నీళ్ల గట్టర్ కారి చెక్కంతా తడిసి ఉండటంతో వేలిముద్రలు నిలవలేదు. చిల్లుల దగ్గర మొహం పెట్టి చాలాసేపు చూసింది.

"పీకలేదమ్మా. స్క్రూలు తిప్పి, జాగ్రత్తగా తీశారు. కోపం మీదున్నవాడు ఇంత నిదానంగా తీస్తాడా?"

"కోపం లేనివాడు అసలెందుకు తీస్తాడు?" అన్నాను. అదీ నిజమేనని తల గోక్కుంది.

మర్నాడు ఎదురుగా ఉన్న లాండ్రీ వాళ్ల కెమెరాలో ఒక మనిషి కనిపించాడని స్టేషన్‌కు పిలిచింది. తెర మీద వాన. టోపీ పెట్టుకున్న ఒక మనిషి నా గుమ్మం ముందు ఆగాడు. అటూ ఇటూ చూశాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి గొట్టం విప్పాడు, కోటు లోపల దాచుకున్నాడు. మొహం కనపడలేదు. కానీ వెళ్లేటప్పుడు ఎడమకాలు ఈడుస్తూ వెళ్లాడు.

సెడ్రిక్! ఆ కాలు ఈడ్పు ఇరవై ఏళ్లుగా మెట్ల మీద వింటున్నదే.

సెడ్రిక్ ఎవరనుకున్నారు? బస్సు నడిపి రిటైరయిన మనిషి, యూదుడు కాదు, ఇరవై ఏళ్లుగా నా నెత్తిమీదే కాపురం. షబ్బాత్ నాడు మేం దీపం ముట్టం. ముట్టమని ఇంకొకరిని అడగం కూడా. ఉన్న సంగతి పైకి అనుకోవచ్చు, అంతే. "అబ్బా, ఈ దీపం కళ్లల్లో పొడుస్తోంది" అని మెట్ల దగ్గర నిలబడి అంటాను. అతను దిగొచ్చి, "నాకూ పొడుస్తోంది హిండమ్మా" అంటూ ఆర్పేసి పోతాడు. నేనడగను, అతను అడిగించుకోడు. అలాంటివాడు దొంగలా నా గుమ్మం విప్పుకుపోవడమా? వారం కింద మందిరం గోడ కూడా ఇతని పనేనా? ఇన్నేళ్లూ నేను పులుసు పోసింది ఎవరికి?

"గుర్తుపట్టారా అమ్మా?" అంది ట్రెగేర్.

లేదంటే అబద్ధం. అవునంటే ఏమవుతుందో తెలియదు. మీరైతే ఏం చేస్తారు? నేను పేరు చెప్పాను.

ఆ సాయంత్రమే ఆ పిల్ల ఫోన్ చేసింది.

"అమ్మా, మెజూజా దొరికింది. అతని వాటాలో బిస్కెట్ డబ్బాలో, ఉతికిన చేతిరుమాల్లో చుట్టి పెట్టాడు. మీరే తీయమన్నారంటున్నాడు."

"నేనా? నేనెప్పుడు తీయమన్నాను? నేను తీయమనలేదు!"

"శనివారం పొద్దున మీరు మెట్ల దగ్గర ఏమన్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి."

గుర్తొచ్చింది. మందిరానికి బయల్దేరుతుంటే గట్టర్ నీళ్లు సరిగ్గా మెజూజా మీదే పడుతున్నాయి. "ఇలా కారితే లోపల అక్షరాలు చెరిగిపోవూ?" అన్నాను. గట్టిగానే అన్నాను. పైన తలుపు తెరిచే ఉంది. ఉసూరుమని అన్నానా, అతనికి వినపడాలని అన్నానా? ఒట్టు, నాకే తెలియదు.

"అయితే మీరు తీయమన్నట్టా, అననట్టా?" అంది ట్రెగేర్.

"అనలేదు. కానీ... అతనికి అలా అర్థమవుతుంది."

"అనకుండా ఎలా అర్థమవుతుందమ్మా?"

ఇరవై ఏళ్ల సంగతి ఫోన్లో విప్పి చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మరి అటూ ఇటూ ఎందుకు చూశాడని అడిగాను. ‘ఊళ్లో ఇలాంటి రోజుల్లో ఎవరైనా చూస్తే తప్పుగా అనుకుంటారని’ అన్నాడట. నా కేసు మూసేశారు. గోడ మీద గీసినవాడి కోసం మాత్రం ఆ పిల్ల ఇంకా కెమెరాలు తిరగేస్తూనే ఉంది.

బుధవారం సెడ్రిక్ తిరిగొచ్చాడు. తేనె కేకు చేసి పట్టుకెళ్లాను.

"తప్పయిపోయింది సెడ్రిక్. ఒక్క ముక్క చెప్పి పోవచ్చు కదయ్యా!"

"మీకు తెలుసనుకున్నాను. మీరే కదా చెప్పారు" అన్నాడు. కేకు తీసుకుని బల్ల మీద పెట్టాడు. "వార్డులో అందరి ముందూ లేపి తీసుకెళ్లారు. మా చెల్లెలు మత్తులోంచి కళ్లు తెరిచేసరికి నాకు చెరో పక్కన పోలీసులు. పర్లేదు మేడమ్."

మేడమ్! హిండమ్మ ఏమైపోయింది?

ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల బల్బు వెలుగుతుంది, షబ్బాత్ నాడు అదీ దీపం ముట్టినట్టే. అందుకని శుక్రవారం పొద్దుగూకే లోపే దాన్ని ఊడదీసి పెడతాం. ఆ వారం నా బుర్ర ఎక్కడుందో, మర్చిపోయాను. షబ్బాత్ కొవ్వొత్తులు వెలిగించాక గుర్తొచ్చింది, అవి వెలిగాక ఇక ఏదీ ముట్టకూడదు. చేప, కోడి, అన్నీ లోపలే. అలవాటు కొద్దీ మెట్ల దగ్గరికి వెళ్లాను.

"అయ్యో, ఫ్రిజ్‌లో బల్బు తీయడం మర్చిపోయానే! చేపంతా లోపలే ఉండిపోయింది."

పైన అడుగుల చప్పుడు ఆగింది. కాసేపటికి సెడ్రిక్ దిగొచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. కానీ అతను గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను మళ్లీ బిగించుకున్న మెజూజా వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నన్నేం చెయ్యమంటారు మేడమ్?"

"చేప..."

"అది విన్నాను. బల్బు తీయమంటారా, వద్దా? నోటితో చెప్పండి, చేస్తాను. రేపెవరైనా అడిగితే, నాకు చెప్పారని చెప్పుకోవాలి కదా."

వెటకారం కాదు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిజంగానే అడుగుతున్నాడు. పోలీసులకు అతని పేరు చెప్పినంత సూటిగా ఇదొక్కటీ చెప్పమంటున్నాడు. ఏ రోజైనా చెప్పేదాన్ని. షబ్బాత్ నాడు చెప్పకూడదు. నోరు తెరిచాను, ఏడుపొచ్చింది.

"చేప లోపలుంది సెడ్రిక్" అన్నాను.

"అవును మేడమ్, లోపలే ఉంది" అన్నాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.